ముందు నీ పళ్ళు

పళ్ళు తోమడానికి వీకా ఇంట్లో బాత్రూమ్ పనికిరాదు. గాలి లాగే ఫ్యాన్ గుర్రుమంటుంది, ట్యూబులైటు వెలగబోయే ముందు రెండుసార్లు కొట్టుకుంటుంది, పలకల గోడలకి తగిలిన ప్రతి చప్పుడూ రెట్టింపై తిరిగొస్తుంది. వీకాకి ఇవేవీ పట్టవు. ఎనిమిదేళ్ళ కూతురు లెసికి మాత్రం ఒంటి మీద వాతలు పెట్టినట్టే ఉంటుంది. అందుకని బట్టల మెషీన్ పెట్టుకున్న చిన్న గదిలో, నేల మీద పాత చాప వేసుకుని, తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా మఠం వేసుకుని కూర్చుంటారు. లెసి ఒళ్ళో రెండు కిలోల బియ్యం పోసి కుట్టిన దిండు. ఆ బరువుంటే దాని కాళ్ళు కుదురుగా ఉంటాయి. గోడకి నాలుగు బొమ్మలు: దిండు, అమ్మ నోరు, లెసి నోరు, కిటికీ. కిటికీ అంటే ఇక అయిపోయింది, వెళ్ళి వాన చూసుకోవచ్చు అని.

నోరు తెరవమని వీకా ఎప్పుడూ అడగదు. అడిగితే ఆ పూటకి ఆ నోరు మూతపడ్డట్టే. ముందు తన నోరు తెరుస్తుంది. లెసి ఒక బ్రష్షు గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తల్లి పళ్ళు తోముతుంది, ఒకటి నుంచి ఎనిమిది దాకా పైకి లెక్కపెడుతూ. ఆ లెక్క కాకుండా రోజు మొత్తం మీద దాని నోటి నుంచి వచ్చే మాటలు పదికి మించవు. ఎనిమిది కాగానే రెండో బ్రష్షు, మూడు వైపులా కుచ్చులున్నది, తల్లి చేతిలో పెడుతుంది. అప్పుడు వీకా లెక్క. నురగ రాని, ఘాటు లేని పేస్టు, బఠాణీ గింజంత. మధ్యలో లెసి అరచేత్తో నేల మీద రెండుసార్లు కొడితే ఆపెయ్యాలి. లెక్క రెండు దగ్గరున్నా, ఏడు దగ్గరున్నా సరే. వాళ్ళిద్దరూ ఈ దారికి రావడానికి పదకొండు నెలలు పట్టింది.

"ఏంటది వీకా? పిల్ల పెద్దదాని నోట్లో చెయ్యి పెట్టడమేంటి?"

గుమ్మంలో లవీనియా వదినగారు. వీకా భర్త పెనికి పెద్దక్క, లెసికి మేనత్త. మే నెల మొదటి ఆదివారం చర్చిలో పిల్లల ఆదివారం చేస్తారు కదా, దానికని సొంతూరు టోంగా దీవుల నుంచి, వీళ్ళు స్థిరపడ్డ ఆక్లండ్ వచ్చి ఎనిమిది రోజులైంది. ఇంకా రెండు వారాలు ఉంటుంది. వీకా నోట్లో బ్రష్షు ఉంది, జవాబు చెప్పలేదు. లెసి లెక్క ఐదు దగ్గర తప్పి మళ్ళీ ఒకటికి వచ్చింది.

"నా తల కాబట్టి పర్లేదు వదినా," అంది వీకా తర్వాత, వంటింట్లో ఆవిడకి టీ ఇస్తూ. "వాళ్ళ నాన్న తల కాదుగా, బిడ్డ ముట్టుకోకూడదనడానికి."

"నీ తలైనా సరే. మేం పెరగలేదా? మాకెవరన్నా లెక్కలు పాడారా? దెబ్బకి నోరు తెరిచేవాళ్ళం." లవీనియా టీలో నాలుగు చెంచాల పంచదార వేసుకుంది. "గారం చేసి పాడుచేస్తున్నావు దాన్ని."

మేనత్త మాటంటే మాటే. పిల్లకి పేరు పెట్టింది ఆవిడే, రేపు దాని పెళ్ళిలో కానుకలుగా వచ్చిన చాపల కట్ట మీద పెద్దరికంగా కూర్చునేదీ ఆవిడే, తమ్ముడింట్లో ఏ వస్తువు మీద కన్ను పడితే ఆ వస్తువు ఆవిడదే. ఇంట్లో ఉన్న ఒక్క మంచి పడగ్గది ఆవిడకిచ్చారు. ఎదిగిన తమ్ముడు అక్క పడుకునే గది దరిదాపుల్లో మసలకూడదు, ఆవిడ వినేలా నవ్వకూడదు, వెకిలి మాటలు మాట్లాడకూడదు. కాబట్టి పెని పరుపు గ్యారేజీకి చేరింది. పరుపుతోపాటు మత్తెక్కించే కావా వేళ్ళ రసం కలుపుకునే గిన్నె, నలుగురు స్నేహితులు, ఒక గిటారు కూడా చేరాయి. గౌరవం పేరు చెప్పి మగాళ్ళు ఇంత సుఖంగా ఇంటి పని తప్పించుకోవచ్చని వీకాకి పెళ్ళైన కొత్తలో తెలియదు. ఇప్పుడు బాగా తెలుసు. అక్కకి మూడు పూటలా వండేది వీకా, ఆవిడ దుప్పట్లు ఉతికేది వీకా, ఆవిడ వెంట తీసుకెళ్ళే సంచులు సర్దేది వీకా. గౌరవం మాత్రం పెనిది.

అయినా వీకా నోరు మెదపదు. దానికో కారణం ఉంది, ఐదేళ్ళుగా గొంతులో ముల్లులా ఉన్న కారణం. లెసికి మూడేళ్ళప్పుడు డాక్టరు ఆటిజం అన్న మాట చెప్పిన రోజు సాయంత్రం, టోంగా నుంచి అత్తగారు ఫోన్ చేసింది. బిడ్డ ఎలా ఉందని అడగలేదు. "కాన్పుకి ముందు మేనత్తకివ్వాల్సిన కానుక చాపలు సరిగ్గా ముట్టచెప్పావా?" అని అడిగింది. సరిగ్గా ముట్టలేదు. తొమ్మిదో నెల కడుపుతో రెండు షిఫ్టులు చేస్తున్న వీకా ఒక చాప తక్కువ పంపింది, తర్వాత పంపుదాంలే అనుకుంది. మేనత్త మనసు నొచ్చుకుంటే బిడ్డకి తగులుతుందని అందరూ అనుకునేదే. లవీనియా ఆ మాట ఒక్కసారి కూడా పైకి అనలేదు. అనకపోవడంతో వీకాకి అది ఇంకా పెద్దదైంది. డాక్టర్లు ఎన్నిసార్లు ఇది ఎవరి తప్పూ కాదని చెప్పినా, ఆవిడ ఇంటికొచ్చిన ప్రతిసారీ వీకా కోడి మాంసంలో మెత్తటి ముక్కలన్నీ ఏరి ఆవిడ పళ్ళెంలోనే వేస్తుంది, ఆ ఒక్క చాప అప్పు ఇంకా తీరనట్టు.

వీకా పనిచేసేది ముసలివాళ్ళ ఆశ్రమంలో. అక్కడ పన్నెండో నంబరు గదిలో తొంభై ఒక్కేళ్ళ మిసెస్ హార్ట్‌లీ ఉంటుంది. ఎవరు ఎవరో గుర్తుండదు ఆవిడకి. పళ్ళు తోముదామంటే పొద్దున్నే "వద్దు" అంటుంది. వద్దంటే ఏం చెయ్యాలో గోడ మీద కాగితంలో రాసి ఉంది: బ్రష్షు పక్కన పెట్టి బయటికి రావాలి, పది నిమిషాలాగి మళ్ళీ వెళ్ళి అడగాలి. చెయ్యి పట్టుకుని బలవంతం చేసిన మనిషికి ఆ రోజే ఉద్యోగం ఊడుతుంది. నాలుగేళ్ళు ఆ కాగితం కిందే నిలబడి పనిచేసింది వీకా. మరి ఇంట్లో? ఇంట్లో పెని లెసి చేతులు పట్టుకుంటే, వీకా దాని మోకాళ్ళ మీద కూర్చుని, దవడ నొక్కి, బ్రష్షు దూర్చేది. ప్రతి రాత్రీ. లెసి కీచుమని అరిస్తే నోరు తెరుచుకునేది, ఆ అరుపులోనే తోమేసేది. ఒకరోజు బిడ్డ ఆమె వేలు కొరికి రక్తం కళ్ళచూసింది. ఆ తర్వాత వారం రోజులు అన్నం కూడా తినలేదు. పోయిన ఏడాది దాన్ని ఆసుపత్రిలో నిద్రపుచ్చి నాలుగు పాలపళ్ళు తీసేశారు. నోటి నిండా దూదితో లేచి, తల్లి మొహం చూసి, మంచం అవతలి వైపుకి దొర్లిపోయింది. ఆ దొర్లడం వీకా ఇప్పటికీ మర్చిపోలేదు. పన్నెండో నంబరు గదిలో జీతం తీసుకుని పాటించిన మర్యాద తన కడుపున పుట్టిన దానికి ఎందుకివ్వలేదు అని తనని తాను ఎన్ని తిట్టుకుందో.

దారి చూపించింది దంతాల క్లినిక్‌లో హూయా. ఈ దేశపు మూలవాసి, మావోరీ మనిషి, మాట తక్కువ. "ముందు నీ పళ్ళు దాన్ని తోమనీ. నోరంటే ఏంటో, అందులోకి బ్రష్షు పోతే ఏమవుతుందో దాని చేతికి తెలియాలి. ఆపమంటే ఆగుతుందని తెలియాలి. అప్పుడిస్తుంది తన నోరు," అంది. "మీవారిక్కూడా ఇలాగే నేర్పు. ఒక్క మనిషి మీదే నడిస్తే ఒక్క జ్వరంతో ఆగిపోతుంది."

పెనికి ఆ రోజే చెప్పింది వీకా. అతను చేతిలో పని ఆపి ఆమె వంక చూశాడు. "నా తల అది ముట్టుకోవడమా? ఏం మాట్లాడుతున్నావు వీకా? మా నాన్న తల నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆయన్ని పెట్టెలో పెట్టేటప్పుడు కూడా ముట్టుకోలేదు." ఆ మాటలో అబద్ధం లేదు. తండ్రి తల బిడ్డ తాకకూడదు, తండ్రి తినగా మిగిలింది బిడ్డ తినకూడదు. వీకా కూడా అలాగే పెరిగింది. అందుకే ఇంకేం అనలేకపోయింది. "అయినా నీ దగ్గర చక్కగా తోమించుకుంటోందిగా, ఇంకేంటి," అన్నాడు పెని, పెద్ద మెచ్చుకోలులాగా. అలా పదకొండు నెలలు, రోజుకి రెండుసార్లు, ఒక్క పూట తప్పకుండా వీకా ఆ చాప మీద కూర్చుంది. చెల్లెలి కూతురి పెళ్ళికి సిడ్నీ వెళ్ళలేదు. నూట రెండు జ్వరంలో కూడా ఆ గదిలోకి పాక్కుంటూ వెళ్ళింది.

ఇప్పుడు లెసికి వెనకాల కొత్త దవడ పళ్ళొచ్చాయి. ఊడిపోయి మళ్ళీ వచ్చేవి కావు, జన్మంతా ఉండాల్సినవి. అందులో ఒకటి అప్పుడే మెత్తబడుతోందని హూయా చూపించింది. నెల రోజులు రెండు పూటలా మందు పేస్టుతో తోమితే నిలబెట్టొచ్చు, లేకపోతే మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ నిద్ర, ఈసారి అసలు పన్నే పోతుంది అంది. సరిగ్గా అదే వారం ఆశ్రమం మేనేజరు వీకాని పిలిచి, షిఫ్టులో అందరి మీదా పెద్దగా పెడతామని చెప్పింది. "మీ దీవుల ఆడవాళ్ళకి ఓపిక పుట్టుకతోనే వస్తుంది," అని కూడా అంది. ఓపిక నేర్చుకోవడానికి పదకొండు నెలలు పట్టిందమ్మా అని వీకా అనలేదు. దానికి ముందు హామిల్టన్‌లో మూడు రోజుల శిక్షణ, రెండు రాత్రులు అక్కడే ఉండాలి. బుధవారం బయల్దేరాలి. వస్తున్నావో లేదో సోమవారం పొద్దుటికల్లా చెప్పు అంది మేనేజరు.

"వెళ్ళు. నేనొద్దన్నానా?" అన్నాడు పెని. ఒక్క క్షణం ఆగి, "మరి దాని పళ్ళు?" అన్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

శనివారం పొద్దున్నే, ఆశ్రమంలో తనతో పనిచేసే ఒకామెకి ఒంట్లో బాగాలేదని ఫోనొచ్చింది. ఆరింటికల్లా రమ్మన్నారు. లెసి ఇంకా లేవలేదు. వీకా గ్యారేజీ తలుపు కొట్టి పెనికి చెప్పింది: "ఇవాళ పొద్దున పూట వదిలెయ్. తడి గుడ్డ దాని చేతికివ్వు, అదే తుడుచుకుంటుంది. మధ్యాహ్నం నేనొచ్చి తోముతా. ఎవర్నీ ముట్టుకోనివ్వకు." సరేనన్నాడు, దుప్పటి లోంచి.

మూడింటికి తిరిగొచ్చేసరికి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. బట్టల గదిలో చాప ఓ మూలకి నలిగి ఉంది. గోడ మీద బొమ్మల్లో రెండు చిరిగి ఉన్నాయి. రేపటి కోసం వీకా నెల రోజులు కూర్చుని కుట్టిన తెల్ల గౌను, సరిపోతుందో లేదో చూడ్డానికి తొడిగినట్టున్నారు, మెషీన్ మీద పడేసి ఉంది. మెడ దగ్గర నీలం నురగ ఎండిపోయి, దాని పక్కనే రక్తం చుక్క. లెసి బట్టల బీరువాలో, చలికోట్ల వెనకాల దొరికింది. పైపెదవి వాచింది. ఒళ్ళంతా పుదీనా ఘాటు. వీకా దూరంగా నేల మీద కూర్చుంది, పిలవలేదు. గంటసేపటికి ఒక చెయ్యి బయటికొచ్చింది. నోరు మాత్రం దారంతో కుట్టేసినట్టు మూసుకునే ఉంది.

"నేనే తోమాను," అంది లవీనియా వంటింట్లో దుంపలు చెక్కు తీస్తూ, దాపరికమేమీ లేకుండా. "రేపు చర్చిలో అందరి ముందూ పాచి పళ్ళతో నిలబెడతావా? రెండు నిమిషాల పని. పెని చేతులు, తల కదలకుండా నొక్కి పట్టుకున్నాడు. అరిచింది, అయిపోయింది. నువ్వు దీన్ని పెద్ద జాతర చేశావు."

వీకా అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ మొహం మీద ఒక్క మాట అనలేకపోయింది. ఆ చాప అడ్డొచ్చింది, పంపని చాప. గ్యారేజీకి వెళ్ళింది. పెని గిటారు తీగలు బిగిస్తున్నాడు.

"అక్క చెప్పింది వీకా. నేను కాదనగలనా?"

"ఎవర్నీ ముట్టుకోనివ్వకు అన్నాను."

"అక్కని ఎలా ఆపుతాను? తెలిసీ అడుగుతావేంటి?"

"నీ తల అది ముట్టుకోకూడదు. దాని తల నువ్వు నేలకేసి నొక్కొచ్చా పెని? దానికి ఏ ఆచారం అడ్డు రాలేదా?"

పెని తలుపు వైపు చూశాడు. "మెల్లగా. అక్క వింటుంది," అన్నాడు. వీకాకి ఆ క్షణాన అతని మీద కోపం కూడా పోయింది. ఏదో చల్లగా, గట్టిగా లోపల కూర్చుంది.

ఆ సాయంత్రం బ్రష్షు చూపిస్తే లెసి బీరువాలోకి వెళ్ళిపోయింది. ఆదివారం పొద్దున్న కూడా అంతే. స్ట్రాతో నాలుగు గుక్కల నీళ్ళు తాగింది, అంతకుమించి నోరు విప్పలేదు. పదకొండు నెలలు రెండు నిమిషాల్లో పోయాయి. వీకా గౌను మీది మరక ఉతికి, ఇస్త్రీ చేసి, తొడిగింది. పండగ పూట వాళ్ళ ఆచారం ప్రకారం పిల్ల నడుముకి సన్నటి చాప కట్టింది. చర్చి నిండా తెల్ల బట్టల పిల్లలు, మేనత్తలు వేసిన మిఠాయి దండలు. రంగు కాగితాల్లో చుట్టిన చాక్లెట్లు, బిళ్ళలు గుచ్చిన దండ ఒకటి లెసి మెడలో కూడా పడింది, మోకాళ్ళ దాకా. ఇంట్లో ఒక్క పన్ను కోసం యుద్ధం, ఇక్కడ మెడలో రెండు కిలోల పంచదార అనుకుంది వీకా.

లెసి చెప్పాల్సింది మూడు మాటల బైబిలు వాక్యం. లెక్కలాగే తాళం వేసి, రెండు నెలలు నేర్పింది వీకా. పిల్ల మైకు ముందుకెళ్ళి నిలబడింది. అందరూ చూస్తున్నారు. పెదాలు కదలలేదు. ఒక నిమిషం గడిచింది. పాట బృందంలో ఆడవాళ్ళు మెల్లగా రాగం అందుకున్నారు, నిశ్శబ్దం కనపడకుండా. లవీనియా ముందు వరసలోంచి లేచి వెళ్ళి, దండలోంచి ఒక బిళ్ళ వలిచి దాని పెదవులకి ఆనించింది. లెసి పళ్ళు బిగించి మొహం తిప్పేసింది. "మేనత్త చేతి మిఠాయి కూడా ముట్టుకోదు చూశావా," అని ఎవరో వెనక వరసలో అన్నారు. "అంతా ఆ తల్లి పెంపకం." లవీనియా చేతిలో బిళ్ళ అలాగే ఉండిపోయింది. వీకా లేచి వెళ్ళింది, కూతురు పక్కన నిలబడింది, చెప్పమనలేదు. దాని చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చింది. పెని మగవాళ్ళ వైపు కూర్చుని బూట్లు చూసుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి చుట్టిన మాంసం, పంది, చేపలు, పుచ్చకాయ రసం. చుట్టాలు తిని, పళ్ళేలు వదిలి, వెళ్ళారు. పెని గ్యారేజీకి చేరాడు. లవీనియా చిగుళ్ళు నొప్పిగా ఉన్నాయని కట్టుడు పళ్ళు తీసి, బట్టల గదిలో సింకు మీద గ్లాసులో వేసి, తన గదిలో నడుం వాల్చింది. వీకా కొండలా ఉన్న గిన్నెల ముందు నిలబడింది. రేపు పొద్దున మేనేజరుకి రానని చెప్పాలి. ఎలా రాయాలో ఆలోచిస్తోంది. రాను అనే మాటకి ముందు క్షమించండి పెట్టాలా, తర్వాత పెట్టాలా అని.

బట్టల గదిలోంచి లెక్క వినిపించింది. ఒకటి. రెండు. మూడు.

వీకా సబ్బు చేతులతో పరిగెత్తి గుమ్మం దగ్గర ఆగిపోయింది. లెసి చాప సాపు చేసుకుని కూర్చుంది. ఒళ్ళో బియ్యం దిండు. ఎడమ చేతిలో లవీనియా కట్టుడు పళ్ళు, కుడి చేతిలో బ్రష్షు. కనుబొమ్మలు ముడిచి, ఒక్కో పన్నూ, వెనక్కీ ముందుకీ, ఎంతో శ్రద్ధగా తోముతోంది. నిన్నటి నుంచి దాని గొంతు వినడం ఇదే. వీకా వెనకాల నేల కిర్రుమంది. లవీనియా వచ్చింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. బుగ్గలు లోపలికి పోయి పదేళ్ళు పెద్దదానిలా ఉంది. మేనత్త పళ్ళు, మేనత్త తలలో ఉండాల్సిన పళ్ళు, పిల్ల చేతిలో. ఇప్పుడు ఈవిడ ఒక్క అరుపు అరిస్తే చాలు, లెసి ఇక ఏ బ్రష్షూ జన్మలో ముట్టుకోదు.

లవీనియా అరవలేదు. ఎందుకో చూస్తూ ఉండిపోయింది.

ఎనిమిది. లెసి పళ్ళని గ్లాసులో వేసింది. మూడు వైపుల బ్రష్షు తీసి, చెయ్యి చాపింది. వీకా వైపు కాదు, లవీనియా వైపు. అది క్షమించడమేమీ కాదు. ఎవరి పళ్ళు తోమితే తర్వాత వంతు వాళ్ళది, అది దాని వరస.

లవీనియా వీకా మొహం వంక చూసింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి, ఏం చెయ్యాలో చెప్పు అన్నట్టు చూసింది.

"కూర్చోండి వదినా," అంది వీకా. "పేస్టు ఇంత చాలు. ఎనిమిది దాకా లెక్కపెట్టాలి. అది నేల మీద రెండుసార్లు కొడితే ఆపెయ్యాలి. ఏమైనా సరే ఆపెయ్యాలి."

ఆవిడ పెద్ద మనిషి, మోకాళ్ళు వంగవు. మెషీన్ పట్టుకుని, మూలుగుతూ చాప మీద కూలబడింది. లెసి నోరు కొంచెం, వేలు పట్టేంత, తెరుచుకుంది. ఒకటి. రెండు. మూడు. లెసి అరచెయ్యి నేల మీద రెండుసార్లు పడింది. లవీనియా చెయ్యి గాల్లో ఆగింది. లెసి ఆ చేతిని చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత మళ్ళీ తెరిచింది.

కిటికీ బొమ్మ దాకా వచ్చాక లెసి లేచి వాన చూడ్డానికి వెళ్ళిపోయింది. లవీనియా లేవలేదు. గ్లాసు చేతిలోకి తీసుకుంది, పళ్ళు పెట్టుకోలేదు.

"నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు ఒక్క పొద్దుటే పద్నాలుగు పళ్ళు పీకారు," అంది, మాటలు గాలిలో జారిపోతుంటే. "ఇద్దరు నా చేతులు పట్టుకున్నారు. నేను ఆపమన్నాను. నోట్లో వేళ్ళుంటే ఎవరికి వినపడుతుంది." గ్లాసు అటూ ఇటూ తిప్పింది. "ఇన్నాళ్ళూ అందరికీ అది నవ్వుతూ చెప్పేదాన్ని."

వీకా వచ్చి చాప మీద ఆవిడ పక్కన కూర్చుంది.

"నువ్వేదో ఊరు వెళ్ళాలంట కదా, పెని చెప్పాడు. వెళ్ళిరా. నేనుంటాగా, నేను తోముతాను," అంది లవీనియా.

ఎంత తేలికైన మాట. సరేనంటే అయిపోతుంది. వీకా బుధవారం బస్సెక్కుతుంది. ఒక ఆడదాని చేతిలోంచి బ్రష్షు ఇంకో ఆడదాని చేతిలోకి వెళ్తుంది, గ్యారేజీలో గిటారు మోగుతూనే ఉంటుంది. రెండు వారాలకి వదినగారు విమానం ఎక్కుతుంది, బ్రష్షు మళ్ళీ వీకా చేతికొస్తుంది. మేనత్తకి కాదని చెప్పడం వీకా జన్మలో లేదు. ఆ పంపని చాప గుర్తొచ్చింది. తొమ్మిదో నెలలో వాచిన తన పాదాలు కూడా గుర్తొచ్చాయి, వాటి గురించి ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదని గుర్తొచ్చింది.

"మీరొద్దు వదినా," అంది వీకా. "వాళ్ళ నాన్న తోముతాడు."

లవీనియా తల తిప్పి చూసింది. వీకా చూపు దించలేదు. బయట వాన చప్పుడు, గ్యారేజీలో ఎవరిదో నవ్వు.

"వాడి తల అది ముట్టుకోకూడదుగా," అంది లవీనియా చివరికి, మెల్లగా.

"మీ తల ఆయన తలకంటే పెద్దది కదా వదినా."

ఆవిడ చేతిలో గ్లాసు వంక చూసుకుంది. పళ్ళు తీసి, నోట్లో పెట్టుకుని, దవడ సర్దుకుంది. అప్పుడు గ్యారేజీ దాకా వినపడే గొంతుతో తమ్ముడిని పిలిచింది. పెని గుమ్మానికి రెండడుగుల దూరంలో తల వంచుకుని నిలబడ్డాడు.

"కూర్చో," అంది లవీనియా, లేస్తూ. "ముందు నీ పళ్ళు అది తోముతుంది. తర్వాత దాని పళ్ళు నువ్వు. పొద్దున, సాయంత్రం."

"అక్కా, నా తల..."

"నా పళ్ళు ఇప్పుడే తోమింది. నీది నాకంటే గొప్ప తలా?"

పెని భార్య వైపు చూశాడు, ఎప్పటిలా ఆమె ఏదో సర్దిచెప్తుందని. వీకా అతనికి దారిచ్చి, అతని పక్కనుంచే బయటికొచ్చింది. "రెండుసార్లు నేల కొడితే ఆపాలి," అంది. "ఆపకపోతే నేను బుధవారం వెళ్ళను. వెళ్ళకపోతే ఎందుకు వెళ్ళలేదో మేనేజరుకి, హూయాకి, చర్చిలో అందరికీ నేనే చెప్తాను."

వంటింట్లో గిన్నెలు అలాగే ఉన్నాయి. వీకా వాటి వైపు చూడకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫోన్ తీసింది. లెసి కిటికీ వదిలి మళ్ళీ బట్టల గదిలోకి వెళ్ళింది. అక్కడ చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తండ్రి మొహాన్ని లెసి అంత దగ్గర్నుంచి, తీరిగ్గా ఎప్పుడూ చూసి ఉండదు, చూసుకుంటోందేమో. తర్వాత దాని లెక్క మొదలైంది. ఒకటి. రెండు. తడబడుతూ, ఎనిమిది దాకా. వీకా 'వస్తున్నాను' అని రాసింది. ముందూ వెనకా క్షమించండి పెట్టలేదు. పంపేసింది.

ఇప్పుడు పెని గొంతు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

నేల మీద రెండు దెబ్బలు. వీకా చేతులు కుర్చీ పట్టెల మీద బిగిశాయి, పాదాలు వాటంతట అవే లేవబోయాయి.

పెని లెక్క ఆగింది. వీకా లేవలేదు.